పోసిన ఆయుష్షు

మూడో రోజు తెల్లారింది. వరహాలమ్మ ముద్ద ముట్టలేదు.

సరోజిని చెంచాడు రాగిజావ అత్తగారి పెదవుల దాకా తీసుకెళ్ళింది. పెదవులు బిగుసుకున్నాయి. ఎడమవైపు చచ్చుబడి నాలుగేళ్ళయింది కాబట్టి అటునుంచి నాలుగు చుక్కలు జారి గడ్డం మీదికొచ్చాయి. కుడివైపు మాత్రం, ఒంట్లో మిగిలిన బలమంతా అక్కడే పెట్టినట్టు మూసేసింది ముసలావిడ.

"అత్తా, ఒక్క చెంచాడు. ఎప్పుడో ఆదివారం మధ్యాహ్నం తిన్న అన్నం. ఇవాళ బుధవారం."

వరహాలమ్మ గోడకేసి చూస్తూ పడుకుంది. ఇన్ని పూటల్లో ఆవిడ గొంతులోకి దిగింది నాలుగైదు గుక్కల మంచినీళ్ళే. నిన్న సాయంత్రం పక్క వీధిలో ఉండే నర్సు వచ్చి, నాడి చూసి, "ఇలాగే ఉంటే ఈ వారం దాటడం కష్టం దీదీ" అని హిందీలో చెప్పి వెళ్ళింది. ఆ మాట అత్తగారి చెవిన కూడా పడింది. పడ్డాక పెదవులు ఇంకొంచెం బిగిశాయి.

"బలవంతం చెయ్యకే," అన్నాడు జోగయ్య వసారాలోంచి. గడ్డం గీసుకుంటున్నాడు. "ఆకలేస్తే అదే తింటాది. ఎన్నాళ్ళుంటాది ఇలాగ? నాలుగు రోజులు."

ఆ నాలుగు రోజులన్న మాటని బ్లేడు గీతల మధ్య ఎంతో తేలిగ్గా అన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని మురిక్కాలవలోకి ఉమ్మాడు.

ఇరవై రెండేళ్ళుగా రోజూ వింటున్న చప్పుడే అది. ఇవాళ మాత్రం సరోజిని చెంచా గిన్నెలో వదిలేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆదివారం సాయంత్రం ఇదే ఇల్లు తిరనాళ్ళలా ఉంది.

రాయపూరు వేగన్ల వర్కుషాపు కాలనీలో తెలుగువాళ్ళంటే శ్రీకాకుళం, పలాస, బొబ్బిలి వాళ్ళే. సెలవులొస్తే రైల్వే పాసు మీద ఊరెళ్ళి రావడమే తప్ప దేశం దాటినవాళ్ళు లేరు. జోగయ్య, పెయింటు సెక్షను భీమారావు, నూకరాజు, ముగ్గురూ దసరా తర్వాత గోరఖ్‌పూరు దాకా పాసు మీద వెళ్ళి, అక్కణ్ణించి బస్సెక్కి నేపాలు చూసొచ్చారు. బస్సు దూరమే కావచ్చు, సరిహద్దు దాటాక ఫారినే. నూకరాజు ఖాట్మండూలో కెమెరా కొన్నాడు. తిరిగినవన్నీ అందులో ఎక్కించాడు. దాన్ని పండరీ బజార్లో పెళ్ళి వీడియోలు తీసేవాడికిస్తే పెద్ద క్యాసెట్టులోకి మార్చి ఇచ్చాడు.

"సీసాలు కనబడకూడదు భయ్యా, ఇంట్లో ఆడాళ్ళు చూస్తారు," అని జోగయ్యే వాడికి దగ్గరుండి చెప్పాడు. వాడు నమ్మకస్తుడు. సీసా కనబడిన చోటల్లా జాగ్రత్తగా కోసేశాడు. ఛత్తీస్‌గఢీ మనిషి, తెలుగు ఒక్క ముక్క రాదు. గ్లాసుల్లో ఉన్నది షర్బత్తు అనుకున్నాడో ఏమో, మాటలన్నీ మాటల్లాగే వదిలేశాడు.

టీవీ ముందు పాతికమంది చేరారు. అత్తగారి మంచాన్ని హాల్లోకి లాగింది సరోజినే.

"నీ కొడుకు మంచుకొండల కాడ నిలబడ్డాడంట అత్తా, చూద్దువుగాని," అంది. తలకింద రెండో దిండు కూడా పెట్టింది. ఆ మాట, ఆ దిండు, ఇప్పటికీ సరోజినిని పొడుస్తున్నాయి.

టీవీలో పెద్ద సరస్సు కనబడింది. పడవలో జోగయ్య, ఒంటిమీద కొత్త చలికోటు, తలమీద నేపాలీ టోపీ. వరహాలమ్మ కుడికన్ను నవ్వింది. తర్వాత సరస్సు ఒడ్డునే ఒక బల్ల, చుట్టూ ముగ్గురు మిత్రులు. ఆ రోజు భీమారావు యాభయ్యో పుట్టినరోజు.

"యాభై ఏళ్ళ గుంటడికి బర్త్‌డే అంట," అంది పక్కింటి నాంచారమ్మ వేరుశనక్కాయ వలుస్తూ. అందరూ నవ్వారు.

టీవీలో జోగయ్య లేచి నిలబడ్డాడు. గ్లాసు ఎత్తి పట్టుకున్నాడు.

"ఒరే భీమా, నీకు గడియారమిస్తే పాడైపోద్ది, చొక్కా ఇస్తే చిరిగిపోద్ది. అంచేత ఆయుష్షు ఇస్తన్నాను. నాది కాదు, నాకు పనుంది. మా అమ్మది. డెబ్బై ఎనిమిది వచ్చినాయి, మంచం మీదుంది, ఇంకా పదేళ్ళు లాగీసేలాగుంది. ఆ పదేళ్ళూ నీకు పోసీసినాను. పుచ్చుకో. నువ్వు నిండా బతుకు, మా ఇంట్లో మంచం ఖాళీ చెయ్యి."

బొమ్మలో భీమారావు ప్రసాదానికి పట్టినట్టు రెండు చేతులూ దోసిలి పట్టాడు. కెమెరా వెనకనించి నూకరాజు నవ్వు. ముగ్గురూ చీర్స్ అన్నారు.

హాల్లో కూడా ముగ్గురు నలుగురు నవ్వారు. సరోజిని మొహమ్మీద సైతం నవ్వుంది. సరస్సు చూసినప్పటి నవ్వది, తీసెయ్యడానికి వ్యవధి దొరకలేదు. అంతలో బొమ్మలో జోగయ్య మళ్ళీ అన్నాడు.

"నిజం భీమా. మా ఆవిడ చేతులు ఎంత సబ్బు పెట్టి రుద్దినా ఆ మంచం వాసనే. వడ్డిస్తే అన్నం సయించదు."

వేరుశనక్కాయల చప్పుడు ఆగింది.

జోగయ్య ఒక్క గెంతున వెళ్ళి క్యాసెట్టు మిషను మీది మీట నొక్కాడు. పూర్తిగా ఆపేసేది నొక్కబోయి పాజ్‌ది నొక్కాడు. బొమ్మ నిలిచిపోయింది. తెరనిండా అతని నోరు, బార్లా తెరిచి, పళ్ళ మధ్య నాలుక మెరుస్తూ, వణుకుతున్న గీతల కింద అలాగే ఉండిపోయింది. దాన్ని పోగొట్టడానికి నూకరాజు లేచి రావలసి వచ్చింది. అంతసేపూ పాతికమందీ ఆ నోటినే చూశారు.

"సరోజినీ," అంది వరహాలమ్మ, "నన్ను లోపలికి లాగీ."

ఆ తర్వాత ఇవాళ్టిదాకా ఆవిడ నోట మాట రాలేదు. ముద్ద పోలేదు.

"ఏటలా నిలబడ్డావు? నాస్తా పెట్టు, వర్కుషాపు మొదటి సైరను అయిపోయింది," అన్నాడు జోగయ్య తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ.

"అన్నం సయించదన్నారు గదా నా చేత్తో పెడితే. నాస్తా ఎలా సయిస్తాది?"

"మళ్ళీ మొదలెట్టినావా. మజాక్‌లో అన్నాను. నలుగురు మొగోళ్ళు కూచున్న చోట సవాలక్ష అంటారు."

"ముగ్గురే ఉన్నారు. నేను లెక్కపెట్టాను."

"అదీ మాటేనా? తప్పంతా ఆ పండరీ వాడిది. కొయ్యమన్నది కొయ్యలేదు."

"వాడు సీసాలు కోశాడు. మీరు అవే కదా కొయ్యమన్నది."

జోగయ్యకి కోపమొచ్చింది. గది గుమ్మం దాకా వచ్చాడు గాని లోపల అడుగు పెట్టలేదు. ఆదివారం నించీ ఆ గడప దాటలేదతను. తల్లికి వినబడేలా గొంతు పెంచాలా, వినబడకుండా తగ్గించాలా తేల్చుకోలేక మధ్యలో మాట్లాడాడు.

"నీకెప్పుడూ అనిపించలేదా? ఈ ముసిల్ది ఎప్పుడు పోద్దిరా బాబూ అని? కసమ్ తిని, ఒట్టేసి చెప్పు."

సరోజిని గిన్నె కింద పెట్టింది. వాన రోజొకటి గుర్తొచ్చింది. దుప్పటి నాలుగోసారి మార్చిన రోజు. బకెట్లో పసుపునీళ్ళు పిండుతూ అనుకుంది, సరిగ్గా అదే అనుకుంది.

"అనిపించింది," అంది.

"మరి?"

"అనిపించిన పూట నాకు ముద్ద దిగలేదు. మీరు గ్లాసెత్తి చీర్స్ అన్నారు."

మంచం మీద వరహాలమ్మ కుడిచేతి వేళ్ళు దుప్పటి అంచుని పట్టుకుని వదిలాయి. అంతా విన్నదని తెలుస్తూనే ఉంది. విన్నదన్న సంగతి ఇద్దరూ ఎరగనట్టే నిలబడ్డారు.

గేటు చప్పుడయింది.

భీమారావు ముందు, వెనకాల అతని భార్య గంగాభవాని. ఆవిడ చేతిలో కొబ్బరికాయ, అరటిపళ్ళు, కొత్త చీర ఉన్న సంచి. భీమారావు మూడు రోజుల్లో సగమయ్యాడు. కళ్ళకింద నల్లగా గుంటలు పడ్డాయి.

"వదినా, పెద్దమ్మ తిన్నాదా?" అంది గంగాభవాని చెప్పులైనా విప్పకుండా.

"లేదు."

"చూశారా," అంది మొగుడి వైపు తిరిగి. భీమారావు కుర్చీలో కూలబడ్డాడు.

"ఏటయిందిరా?" అన్నాడు జోగయ్య.

"ఏటవ్వాల. నిద్ర లేదు, తింటే నిలవదు. నిన్న వర్కుషాపులో నూకరాజు ఏటన్నాడో తెల్సా? 'కంగ్రాట్స్ భీమన్నా, ముసిల్దానిది మీటరు అక్కడ తగ్గతంది, నీకిక్కడ పెరగతంది' అన్నాడు. అందరూ నవ్వినారు. ఆవిడ గాని ఇప్పుడు పోయిందనుకో, కాలనీలో నన్నేటంటారు? ముసిల్దాని ఆయుష్షు తినీసినోడంటారు. చచ్చీదాకా అదే పేరు."

సరోజిని అతన్ని చూసింది. పాపం అనిపించబోయింది. అంతలో అర్థమైంది, అతని దిగులంతా తన పేరు గురించే. అత్తగారు పస్తున్నందుకు కాదు, ఇప్పుడే పోతే ఎలాగని.

గంగాభవాని గొంతు తగ్గించింది. "గుడి కాడ పంతులుగారిని అడిగాను వదినా. పోసిన చెయ్యే మళ్ళీ వెనక్కివ్వాలన్నారు. మీ ఆయన చెంబుతో నీళ్ళు తల్లి కుడిచేతిలో పోసి, 'నీ ఆయుష్షు నీకే' అని మూడుసార్లు అనాలట. ఆవిడ ఆ నీళ్ళు నోట్లో వేసుకుంటే తిరిగిచ్చేసినట్టే."

"ఓస్, అంతేనా," అన్నాడు జోగయ్య. గోడ గడియారం చూశాడు. "రెండో సైరను లోపల అయిపోద్దా?"

"క్షణం పని," అంది గంగాభవాని.

"పద అయితే. ఈ గొడవ ఒదిలిపోద్ది."

లోపలెక్కడో చిన్న ఆశ కదిలింది సరోజినికి. కొడుకు వంగి, తల్లి చెయ్యి పట్టుకుంటాడు. పట్టుకున్నాకైనా ఏదో ఒకటి జరక్కపోతుందా. పోయి కంచు చెంబు కడిగి, నీళ్ళు పట్టుకొచ్చింది.

జోగయ్య మూడు రోజుల తర్వాత గడప దాటాడు, డ్యూటీ బూట్లతో.

"బూట్లు విప్పండి," అంది సరోజిని.

"మళ్ళీ తాళ్ళు కట్టుకోవాలి. ఇదేం గుడా?"

మంచం పక్కకి వచ్చి ముక్కు ఎగబీల్చాడు. చెంబున్న చేతిని చాచినంత దూరం చాచి, మొహం పక్కకి తిప్పుకున్నాడు. తల్లి కుడిచెయ్యి అతను పట్టుకోలేదు. గంగాభవాని పట్టుకుని పుడిసిలిలా వంచితే అందులో నీళ్ళు పోశాడు.

"నీ ఆయుష్షు నీకే. నీ ఆయుష్షు నీకే. నీ ఆయుష్షు నీకే. అయిపోయింది. తాగీ అమ్మా," అన్నాడు, ఒకే ఊపిరిలో, చీటీ చదివి ఇచ్చే గుమాస్తా లాగా. భీమారావు గుమ్మం దగ్గర నిలబడి చేతులు మొహం ముందు జోడించి వేళ్ళ సందుల్లోంచి చూస్తున్నాడు.

వరహాలమ్మ అరచేతిలో నీళ్ళున్నాయి. ఆవిడ వాటిని చూసింది. కొడుకు బూట్లు చూసింది. తర్వాత చెయ్యి మెల్లిగా, చాలా మెల్లిగా పక్కకి వంచింది. నీళ్ళు ధారగా గచ్చు మీద పడ్డాయి.

"పెద్దమ్మా," అని కేకేసింది గంగాభవాని.

"ఇచ్చీసినావు గదా నాయినా," అంది వరహాలమ్మ. మూడు రోజుల తర్వాత మొదటి మాట. పక్షవాతపు నాలుక మీద ఒక్కో ముక్కా ఆగి ఆగి వచ్చింది. "పాతికమంది సూసినారు. ఇచ్చిందాన్ని మళ్ళీ పుచ్చుకోడానికి నానేటి బిచ్చగత్తినా?"

"అమ్మా, అది మజాక్..."

"ఒరే బీమారావూ."

భీమారావు ఉలిక్కిపడ్డాడు.

"నా ఆయుష్షు నీ కాడుంది. అదెక్కడుంటే నానూ అక్కడే ఉండాల గదా. నన్ను మీ ఇంటికాడ దింపీమను. ఉన్నన్నాళ్ళు అక్కడే తింటాను. అక్కడే పోతాను."

మొదట తేరుకున్నది గంగాభవాని.

"మా ఇంట్లోనా పెద్దమ్మా? మాది రెండు గదుల క్వార్టరు. పిల్లకి పరీక్షలున్నాయి. నాకా నడుం నొప్పి, బకెట్టు ఎత్తలేను. మేం నీ మంచి కోరే వచ్చాం." చీర ఉన్న సంచి అప్పటిదాకా మంచం మీదుంది. దాన్ని మెల్లిగా తన వైపుకి లాక్కుంది.

సరోజిని మొగుడి మొహం చూసింది. సిగ్గుపడతాడనుకుంది. రద్దీ బండిలో ఖాళీ బెర్తు కంటబడినవాడి మొహంలా ఉందది.

"పోనీ భీమా," అన్నాడు జోగయ్య, "నాలుగు రోజులు ఉంచుకోరాదూ? అమ్మకి మార్పుగా ఉంటాది. పెద్ద ప్రాణం, దాని మాట కాదనకూడదు."

"నేనడిగినానా నీ అమ్మ ఆయుష్షు? నువ్వే పోసినావు."

"పోసినప్పుడు రెండు చేతులూ చాపి పుచ్చుకున్నావు గదరా. వీడియోలో ఉంది."

"తాగి ఉన్నాన్రా."

"నేనేటి, పాలు తాగినానా?"

"పోనీ నాలుగు కాదు, రెండు రోజులు. శుక్రవారం మళ్ళీ తీసుకుపో. అదీ సరోజిని వదిన రోజూ వచ్చి చూసుకుంటానంటేనే."

"మూడు. శుక్రవారం నాకు ఓవర్‌టైము."

మంచానికి అటొకడు ఇటొకడు నిలబడి, మధ్యలో పడుకున్న మనిషి మీదుగా బేరమాడుకుంటున్నారు ఇద్దరు స్నేహితులూ. సరస్సు ఒడ్డున బల్లకి అటూ ఇటూ ఇలాగే కూచున్నారు. సరోజినికి ఒళ్ళంతా గొంగళిపురుగు పాకినట్టయింది. ఈ మనిషి తువ్వాలు తను ఉతికింది. ఈ మనిషి ఎంగిలి కంచం తీసింది. తన చేతులకి వాసనుంటే ఉండనీ, సబ్బుతో పోతుంది. ఇతన్ని దేనితో కడగాలో ఆవిడకి తోచలేదు.

"సరోజినీ," వరహాలమ్మ గుసగుసగా పిలిచింది. "జావుందేటే?"

బేరం ఆగిపోయింది.

సరోజిని గిన్నె తీసుకుని మంచం పట్టె మీద కూచుంది. చల్లారిపోయింది జావ. వెచ్చబెడతానంది. ఒద్దంది ముసలావిడ. చెంచా తర్వాత చెంచా, కొడుకు మొహంలోకే చూస్తూ గిన్నెడూ తాగింది. ఎడమవైపు జారినదాన్ని సరోజిని కొంగుతో తుడిచింది.

"హమ్మయ్య, తిన్నాది," అన్నాడు భీమారావు. "ఇంక భయం లేదు. వెళ్దామా గంగా?"

"ఆగండి అన్నయ్యగారూ," అంది సరోజిని. గొంతు ఆవిడకే కొత్తగా ఉంది. "మనిషిని ఎత్తడానికి ఇద్దరు కావాలి." మొగుడి వైపు తిరిగింది. "రిక్షా పిలవండి."

జోగయ్య మళ్ళీ చెప్పించుకోలేదు. వీధిలోకి ఎంత చురుగ్గా వెళ్ళాడంటే, రెండో సైరను మోగుతున్నా పట్టించుకోలేదు.

సరోజిని అత్తగారికి తల దువ్వింది. ఉతికిన చీరలు మూడు, గుడ్డపీలికలు, మందుసీసా ఒక సంచిలో పెట్టింది. బీరువా తెరిచి తన చీరలు రెండు, కాగితాలున్న రేకు డబ్బా ఇంకో సంచిలో వేసింది. గంగాభవాని గోళ్ళు కొరుక్కుంటూ ఆ రెండో సంచినే చూస్తోంది.

ఇద్దరు మగాళ్ళూ కలిసి ముసలావిణ్ణి ఎత్తి రిక్షాలో కూచోబెట్టారు. జోగయ్య ఈసారి ఊపిరి బిగబట్టి ఎత్తాడు. సరోజిని పక్కనెక్కి, పడిపోకుండా అత్తగారి నడుం చుట్టూ చెయ్యి వేసింది. నాంచారమ్మ గోడవతల నించి చూస్తోంది. మరో రెండు తలుపులు తెరుచుకున్నాయి.

"నువ్వెప్పుడొస్తావు? మధ్యాహ్నం వంటకి వచ్చేస్తావు గదా," అన్నాడు జోగయ్య.

సరోజిని అత్తగారి పమిట సర్దింది.

"వదినా, ఒక్కమాట," గంగాభవాని రిక్షా చక్రం పట్టుకుంది. "మా ఇంట్లో ఇద్దరికంటే మరీ..."

"మీ ఇంటికి కాదులే గంగా."

గంగాభవాని చెయ్యి చక్రం మీంచి జారింది. అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి అందరికీ వినబడేలా వదిలింది. జోగయ్య మొహంలో వెలుగు మాత్రం అప్పుడే ఆరింది.

"మరెక్కడికే?" అన్నాడు. వీధి చూస్తోందని గుర్తొచ్చి గొంతు తగ్గించాడు. "ఒలే, నిన్నే. ఎక్కడికి తీసుకెళ్తున్నావు మా అమ్మని?"

అమ్మకి ముందు మా అన్న మాట ఆదివారం నించీ అతని నోట రావడం అదే మొదటిసారి. సరోజిని ఆ మాటని మొహమ్మీద వాలిన ఈగలా దులిపేసుకుంది.

రిక్షావాడు పెడల్ మీద కాలేసి, వెనక్కి తిరిగి ఎక్కడికని అడిగాడు.

"కహాఁ జానా హై, దీదీ?"

స్టేషనుకో, ఊరి చివరి మోవా రోడ్డుకో, ఇంకెక్కడికో. అంతవరకు ఆలోచించి ఎక్కలేదు సరోజిని. ఆవిడ భుజం మీద వాలిన వరహాలమ్మ, మంచి కన్ను పైకెత్తి, కోడలు ఏం చెబుతుందో తనకీ తెలియదన్నట్టు ఆమె మొహంలోకే చూస్తోంది.